ఎల్లుండి ఇంజెక్షన్

గిడ్డంగుల వెనక ఖాళీ రోడ్డు. డ్రైవింగ్ స్కూలు కారు. స్టీరింగ్ దగ్గర భార్య. పక్క సీట్లో నేర్పే మాస్టారు, ఆమె భర్త.

"క్లచ్చి వదలకు అన్నానా లేదా? వదలకు అంటే వదిలెయ్యమని అర్థమా మీ పుట్టింటి భాషలో?"

"మా పుట్టింటివాళ్ళకి కారెక్కడిదండీ, దానికో భాష ఉండడానికి. ఈ క్లచ్చే గట్టిగా ఉంది."

"ఆడలేక మద్దెల ఓడని. గేరు న్యూట్రల్‌కి తెచ్చి మళ్ళీ స్టార్ట్ చెయ్యి. అబ్బ, ఈ ఏసీ పనిచేస్తోందా, చచ్చిందా?"

"ఫుల్లుగానే ఉంది. నాకు వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"మరి నాకెందుకిలా ఉడికిపోతోంది? అద్దం దించు."

"ఏసీ ఉండగా అద్దం దించకూడదని మీరేగా..."

"దించమన్నానా?"

"దించాను. ఇదిగో తువ్వాలు. మెడ వెనక తుడుచుకోండి."

"అరిచానా?"

"కొంచెం."

"ఏమనుకోకు. ఆ వేడి వీపులో మొదలై నెత్తికెక్కేసరికి నేనేం మాట్లాడతానో నాకే తెలీదు. లోపల ఎవడో పొయ్యి రాజేసి మూత పెట్టినట్టుంటుంది."

"ఏమీ అనుకోలేదు. తగ్గిందా?"

"తగ్గింది. ఇప్పుడు చలేస్తోంది. అద్దం ఎత్తు."

"ఎత్తుతా, దించుతా. డ్రైవింగ్ కంటే ముందు నాకీ అద్దం పని బాగా వచ్చేసింది."

"నవ్వు, నవ్వు. పడేవాడికి తెలుస్తుంది. ఫస్ట్ గేరు వెయ్యి. మెల్లగా. మెల్లగా. ఆఁ, అలాగే. చూశావా, కదిలింది."

"కదిలిందండీ."

"సెకండ్. రోడ్డు చూడు, గేరుని కాదు. గేరెక్కడికీ పారిపోదు. భయమేస్తే చెప్పు, నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుంది."

"భయమెయ్యడం లేదు."

"అదే నాకు ఆశ్చర్యం. కొత్తలో ఇదే రోడ్డు మీద నీకు మొదటి పాఠం చెప్పా, గుర్తుందా? వెనక సీటు నిండా స్టూడెంట్లు. నువ్వు గేరు మార్చబోయి హారన్ కొట్టావు. నేనేదో అన్నా."

"దద్దమ్మా అన్నారు. ఇంకా చాలా అన్నారు."

"నువ్వు తలుపు తీసుకుని దిగి, నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయావు. దారిలో చెప్పు కూడా తెగింది కదూ?"

"తెగింది."

"ఆ తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా కారు దగ్గరికే రాలేదు. ఇప్పుడేమో నీ అంతట నువ్వే నేర్పమన్నావు. ఏంటి సంగతి?"

"స్పీడ్‌బ్రేకర్ వస్తోంది."

"రానీ. కాలు తియ్యి, కారే తగ్గుతుంది. ఆ రోజుల్లో నేనొక్క కేకేస్తే వీధి చివర స్కూటరువాడు కూడా బ్రేకు తొక్కేవాడు."

"ఇంట్లో నేనూ తొక్కేదాన్ని."

"ఏమన్నావు?"

"ఏం లేదు. థర్డ్ వెయ్యనా?"

"అప్పుడే? సెకండ్లోనే పోనీ. ఇవాళ పొద్దున్న ఏం జరిగిందో చెప్పలేదు కదూ నీకు?"

"భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదుగా."

"కొత్తగా నేర్చుకుంటున్న ఆ బ్యాంకమ్మాయి ఉందే, రివర్స్‌లో వెళ్ళి గోడకి తగిలించింది. బంపరు మీద చిన్న గీత. అంతే. ఏడుపు."

"పాపం, చిన్నపిల్ల."

"ఆ పిల్ల కాదే. నేను."

"మీరా?"

"నేనే. రోడ్డు మీద, పక్కన స్కూలు బస్సు నిండా పిల్లలు చూస్తుండగా. ఆ అమ్మాయే నీళ్ళ సీసా ఇచ్చి, ఫర్వాలేదు మాస్టారూ, గీతే కదా అని ఓదార్చింది. మధ్యాహ్నం వాళ్ళ నాన్న ఫోను. మీ స్కూల్లో వేరే మాస్టారెవరైనా ఉన్నారా, మా అమ్మాయికి భయంగా ఉందట అని. నేను అరిస్తే భయపడ్డవాళ్ళు బోలెడుమంది. ఏడిస్తే భయపడ్డది ఈ పిల్లే మొదలు."

"మీ తప్పేముంది అందులో? డాక్టరు ముందే చెప్పాడుగా, ఇంజెక్షన్ వల్ల..."

"ఇంజెక్షన్ వల్ల, ఇంజెక్షన్ వల్ల. వీపు మీద బోర్డు కట్టుకు తిరగనా? టైరు మార్చబోతే స్పానరు తిరగదు, ఇంజెక్షన్ వల్ల. పొట్ట చూస్తే నెలలు నిండినట్టుంది, ఇంజెక్షన్ వల్ల. ఛాతీ చూస్తే..."

"మెల్లగా. ఎవరైనా వింటారు."

"ఎవరున్నారిక్కడ, గిడ్డంగుల్లో ఎలకలు తప్ప? బనీను మీద బనీను వేసుకు తిరుగుతున్నా. సీటుబెల్టు రాసుకుంటే ప్రాణం పోతోంది. బెల్టు పెట్టుకోండి, బెల్టు పెట్టుకోండి అని ఊరందరి మీదా అరిచినవాణ్ణి, ఎవరూ చూడనప్పుడు చంక కిందకి తోసేసుకుంటున్నా."

"అందుకేగా బెల్టుకి మెత్తటి గుడ్డ కుట్టిచ్చాను."

"కుట్టావు. పువ్వుల గుడ్డ. మీ మనవరాలిదా మాస్టారూ అనడిగాడు ఒకడు."

"ఏమన్నారు?"

"అవునన్నా. ఏమంటాను? ప్రోస్టేట్‌లో క్యాన్సరు, మగ హార్మోను ఆపేస్తే గడ్డ ఎండిపోతుందన్నారు. గడ్డ ఎండిందో లేదో గానీ నేను ఎండిపోయాను. మొన్న కూరలో ఉప్పు నోట్లో పెట్టలేనంత ఉంది. ఇదివరకైతే పళ్ళెం గోడకి కొట్టేవాణ్ణి. కిక్కురుమనకుండా తినేశా. పైగా, నీకు ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడ్డా."

"చూశాను. కావాలనే వేశాను."

"ఏంటి?"

"ఉప్పు. కావాలనే ఎక్కువ వేశాను."

"ఎందుకు?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"వెనక లారీ వస్తోందండీ. ఏం చెయ్యను?"

"ఎడమ పక్కకి తీసి ఆపు. ఇండికేటరు. ఆఁ, పోనీ వాణ్ణి. ఇక్కడే ఉండు కాసేపు. నీకో మాట చెప్పాలి."

"చెప్పండి."

"రాత్రిళ్ళు నేను హాల్లో పడుకుంటున్నానే..."

"ఫ్యాను కోసం."

"ఫ్యాను కోసం ఒక్కటే కాదు. నీ పక్కన చచ్చు దుంగలా పడుకోవడం నా వల్ల కావడం లేదు. మొగుడన్నాక ఏదో ఒకటి..."

"నేనేమన్నా అడిగానా?"

"అడగలేదనే నా బాధ. ఇన్నాళ్ళలో ఒక్కసారి అడగలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. కడుపులో పెట్టుకుని సర్దుకుపోతున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

"సర్దుకుపోవడమేంటి? మొన్న కరెంటు పోయినప్పుడు లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకు పడుకున్నారుగా. మీ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పారు. మీ నాన్న మిమ్మల్ని బెల్టుతో కొట్టేవాడని నాకు మొన్నే తెలిసింది, ఇన్నేళ్ళ కాపురంలో."

"అది కాపురం కాదే. కబుర్లు."

"నాకదే బాగుంది. అమ్మాయి కూడా రోజూ మీకే ఫోను చేస్తోంది. ఇదివరకు, నాన్న ఇంట్లో ఉన్నాడా అనడిగి, లేరంటేనే మాట్లాడేది."

"జాలి. దానికీ జాలి, నీకూ జాలి. నాకా జాలి గొంతులో అడ్డం పడుతోంది. అందుకే తేల్చేసుకున్నా. ఎల్లుండి ఇంజెక్షన్ వేయించుకోను."

"వేయించుకోరా?"

"ఏంటా కుదుపు? ఆగి ఉన్న కారుని కూడా ఆపగలిగావా?"

"క్లచ్చి మీంచి కాలు జారింది. వేయించుకోకపోతే ఎలా? అదేమన్నా జలుబా, పొమ్మంటే పోవడానికి?"

"నా అంతట నేను మానెయ్యను. డాక్టర్నే అడుగుతా. అంబులెన్సు నడిపే మన పాత స్టూడెంటు లేడూ, వాడు కలిశాడు. వాళ్ళ మామగారికీ ఇదే జబ్బు, ఇదే ఇంజెక్షన్. రక్తంలో ఆ క్యాన్సరు నంబరు, పీఎస్ఏ, బాగా పడిపోయాక డాక్టరే కొన్నాళ్ళు ఆపించాడట. రక్తం చూస్తూ ఉంటారట, నంబరు లేస్తే మళ్ళీ మొదలుపెడతారట. అందరికీ కుదరదట, కొందరికి కుదురుతుందట. ఆపాక ఆయన మళ్ళీ మనిషయ్యాడు అన్నాడు వాడు."

"ఆయన ఒళ్ళు వేరు, మీ ఒళ్ళు వేరు."

"ఆ మాట డాక్టరు చెప్పనీ. నా నంబరూ తగ్గిందిగా? పోయినసారి రిపోర్టు నువ్వేగా తెచ్చావు."

"తగ్గింది."

"ఎంత?"

"బాగానే తగ్గింది. ఇవాళ రివర్స్ నేర్పిస్తానన్నారు కదా?"

"రివర్స్ ఎక్కడికీ పోదు. అంత తగ్గితే ఆ డాక్టరు మనకీ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అంత పెద్ద ఆసుపత్రి. మర్చిపోయుంటాడు."

"నన్ను మర్చిపోతాడా? వాళ్ళావిడకి డ్రైవింగ్ నేర్పింది నేను. ఫోనివ్వు, ఇప్పుడే అడుగుతా."

"ఇప్పుడొద్దు. రోగుల్ని చూస్తుంటాడు."

"చూస్తుంటే ఎత్తడు. ఫోనేదీ?"

"నా బ్యాగులో."

"బ్యాగివ్వు."

"ఇవ్వను."

"ఇవ్వనంటే?"

"డాక్టరుకి చెయ్యొద్దండీ. ఆయన చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"ఇదే. కొన్నాళ్ళు ఆపి చూడొచ్చని. పోయినసారే చెప్పాడు."

"ఎవరికి చెప్పాడు? నేనూ ఉన్నాగా గదిలో."

"మీరు లేరు. ఉడికిపోతోందంటూ గుండీలు విప్పుకుంటూ మధ్యలో వరండాలోకి వెళ్ళిపోయారు. అప్పుడు చెప్పాడు. మాస్టారినడిగి చెప్పమ్మా, ఆయనకిష్టమైతే ఈసారి ఆపుదాం అన్నాడు."

"నువ్వు నన్నడగలేదే."

"అడగలేదు. తలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. వద్దంటున్నారు, ఇంజెక్షన్ ఉంటేనే ఆయనకి ధైర్యం అని చెప్పాను."

"నేనన్నానని?"

"మీరన్నారనే."

"అప్పుడేగా నన్ను లోపలికి పిలిచి పొడిచింది. అంటే ఈ మూడు నెలలూ నేనుడికింది, ఏడ్చింది, పరువు పోగొట్టుకుంది..."

"అవును."

"నా ఒంట్లోకి ఏం ఎక్కించాలో నువ్వు చెప్పావా? నన్నడక్కుండా?"

"అరవండి. దీనికి అరవాల్సిందే. నేను పడతాను."

"అరుద్దామనే ఉంది. రావడం లేదే. చూడు, మళ్ళీ కళ్ళమ్మట నీళ్ళు. వెధవ నీళ్ళు. కోపం కూడా తిన్నగా రావడం లేదు నాకు."

"తువ్వాలు..."

"వద్దు. ఉండు. నాకర్థమైంది."

"ఏమర్థమైంది?"

"భయపడ్డావు. ఆపితే ఆ మాయదారి జబ్బు మళ్ళీ లేస్తుందని. నేను పోతే ఒక్కదానివే ఎలా అని. అందుకే కారు కూడా నేర్చుకుంటున్నావు. పిచ్చిమొహమా, నా ప్రాణం కోసం అబద్ధమాడితే నేను తిడతానా? నాతో చెప్పొచ్చుగా. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం."

"అలా మాట్లాడకండి."

"ఏం?"

"మీరలా మెత్తగా మాట్లాడితే నేను చెప్పలేను. మీరనుకున్నదే నిజమని ఊరుకుంటే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ నా మూలాన మీరు ఉడికిపోతుంటే, పక్కన కూచుని తువ్వాలందించడం ఇంక నా వల్ల కాదు."

"ప్రాణం కోసం కాకపోతే మరి దేనికే? చెప్పు. నేనేమీ అనను."

"నా మొహం చూసి ధైర్యం చెబుదామనుకున్నాడు ఆ డాక్టరు. 'బెంగపడకమ్మా, ఇది ఆపితే కొన్నాళ్ళకి మీ ఆయన మళ్ళీ మునుపటి మనిషే అయిపోతారు' అన్నాడు. అది విన్నాకే వద్దన్నానండీ."