మూత తెరిచిన చెయ్యి

స్టేషన్లో టికెట్లు ముద్రించే కొత్త మిషన్ ప్రారంభమైన రోజు మధ్యాహ్నం, టికెట్లిచ్చే గుమాస్తాలిద్దరూ కౌంటరు కిటికీ మూసి లోపల కూర్చున్నారు. పెద్దాయన తన పాత తేదీ మిషన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"పొద్దున కొత్తదాంట్లో కాయితం ఇరుక్కుంటే కంపెనీ మనిషే తెల్లమొహం వేశాడు. నువ్వు మాత్రం చూడకుండానే మూత తెరిచి సరిచేశావు. ఎలా తెలిసిందిరా?"

"ఏదో తోచింది బావా."

"నాకు తోచలేదే! అట్ట టికెట్ల మీద తేదీ కొట్టి కొట్టి చేతులు కాయలు కాసినవాణ్ణి."

"పోయిన నెల సెలవు పెట్టింది ట్రైనింగుకే బావా."

"పంటినొప్పన్నావు. మీ అక్క అన్నాళ్ళూ నీకు అన్నం మెత్తగా వండి పెట్టింది."

"కౌంటర్లో ఇక ఒక్కరే ఉంటారు. రెండోవాడు గూడ్సు షెడ్డుకి పోవాల్సిందే. ఆఫీసరు మొదట నిన్నే ట్రైనింగుకి పంపమని నాతో అన్నాడు."

"మరి నాతో అనలేదేం?"

"నువ్వు ఆ మిషన్ని ముట్టుకోనని యూనియన్ మీటింగులో అందరి ముందూ ఒట్టేశావుగా."

"ఆఫీసరు నీతో అన్నదెప్పుడు?"

"ఎప్పుడైతే ఏంలే బావా."

"నిన్నే అడుగుతున్నా."

"మనం ఒట్టేయడానికి ముందురోజు."

"ఆ మీటింగులో 'మొదటి ఒట్టు మా బావదే' అని నన్ను లేపి నిలబెట్టింది నువ్వే కదరా!"

"పిల్లలున్నవాణ్ణి బావా..."

"నాకు లేరా? సరేలే, క్యారేజీ విప్పు. కింది గిన్నె నీది. ఇవాళ కూడా మెత్తగానే వండింది మీ అక్క. నీ పన్ను ఇంకా నొప్పిగానే ఉందనుకుంటోంది, పిచ్చిది."