కంప్రెసర్ మీది టేపు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న కిషన్ రావు గారికి, నన్ను ఇన్నేళ్లు భరించిన మా స్టూడియో యజమాని ఇంద్రసేన గారికి, మా సీడీలకు పాఠాలు చదివే రత్నమాల గారికి, అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి పుస్తకాలు పక్కన పెట్టి వచ్చిన పోటీ పరీక్షల పిల్లలకు, వెనక వరసలో సమోసాల దగ్గర చోటు చూసుకున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

రికార్డిస్టు పెద్దులు మాట్లాడగా వినడం మీకిదే మొదటిసారి. ఇంతకాలం నా ఉద్యోగం వినడమే. ఇంద్రసేన గారు చరిత్ర చదివితే చిక్కడపల్లిలో మొదలైన యుద్ధం నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా వినబడేది. రత్నమాల గారు భూగోళం చదివితే నదులు ఎవరినీ నిద్ర లేపకుండా పారేవి. రెండూ ఒకే సీడీలో. బస్సులో వినే పిల్లలు ఆమె కోసం సౌండు పెంచుకుంటే, మరుసటి పాఠానికి ఆయన వచ్చి చెవులు పగలగొట్టేవారు. అందుకే ఒక కంప్రెసర్ కొనమని అడిగాను. అరిచే గొంతును కాస్త దించి, మెల్లటి గొంతును పైకి తెచ్చి, ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టే పెట్టె అది.

"కొందాం గని, నేనే చూసి పసంద్ చేస్త" అన్నారు ఇంద్రసేన గారు.

డీలరు మొదటి పెట్టె తెచ్చాడు. సారు ఒక పేజీ చదివి, విని, "ఏందిది, నా గొంతు పిసుకుతున్నది" అన్నారు. దాని పనే అదని చెప్పాను. వాపసు పంపారు. రెండోది ఇంకా మంచిది, కనుక ఇంకా త్వరగా వాపసు వెళ్లింది. (నవ్వులు) మూడోదాని దగ్గర డీలరు, పెట్టెను పనిచేయించే బటన్ నొక్కడం మరిచిపోయాడు. లైట్లు వెలిగాయి, పని మాత్రం లేదు. సారు కళ్లు మూసుకుని విని, "గిది మిషనంటే. నా గొంతును జర సుత ముట్టలే" అన్నారు. అదే కొన్నాం. మర్నాడు నేను బటన్ నొక్కితే సారు ఖరాబైందని పరేషానై, మళ్లీ ఎవరూ నొక్కకుండా దాని మీద తెల్ల టేపు అంటించారు. రెండేళ్లుగా ఆ పెట్టె లైట్లు వెలిగించుకుని ఊరికే కూర్చుంది. దసరాకు బొట్టు, దండ. మీకు ఆఫీసుల్లో కొందరు పెద్దలు గుర్తొస్తే నా తప్పు కాదు. (నవ్వులు)

కిషన్ రావు గారూ, నవ్వింది చాలు. పోయిన వారం సారు ఒక నిర్ణయం చెప్పారు. "రత్నమాలక్క గొంతు పిల్లలకు ఇనబడ్తలేదంట. వచ్చే నెల నుంచి ఆమె పాఠాలు సుత నేనే చదువుత." ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కృష్ణా నది ఉపనదులు ఆమె చెప్పగా విని మరిచిపోని పిల్లలు ఈ హాల్లోనే ఉన్నారు.

అందుకని ఈ సభకు మైకు నేనే పెడతానన్నాను. ఇందాక రత్నమాల గారు నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంటే సమోసాల వరస కూడా తలెత్తి వింది. తరవాత ఇంద్రసేన గారు అరగంట మాట్లాడారు. ఒక్కరూ చెవులు మూసుకోలేదు. కూర్చుంటూ ఆయనే నాతో, "ఇయాల నా గొంతు మస్తున్నది పెద్దులు, ఏం చేసినవ్?" అన్నారు.

మన పెట్టెను స్టూడియో నుంచి తెచ్చి ఈ బల్ల కింద పెట్టాను సార్. టేపు పీకి బటన్ నొక్కాను.

శాలువా కప్పారు, సంతోషం. ఇంకొక్కటి అడుగుతాను. రత్నమాల గారి పాఠాలు రత్నమాల గారితోనే చదివించండి. పెట్టె రేపు పొద్దున స్టూడియోకు చేరుతుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మీకు, ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. టేపు మాత్రం నా జేబులో ఉంది, నాతో తీసుకుపోతున్నాను. సెలవు.