వీణ మోగిన బుధవారం

రెండువేల నాలుగు, వేసవి. పుంగనూరు బస్టాండు వెనక గోపాలస్వామి రేడియో రిపేరు అంగడి. ఇప్పుడందులో సెల్‌ఫోన్ కవర్లే ఎక్కువ. రేడియో స్టేషన్ చరిత్ర కోసం పాత శ్రోతల జ్ఞాపకాలు రికార్డు చేసుకుంటూ తిరిగే నీలిమ వచ్చి గంటయింది. అంగడి వెనక వంటింట్లో ఆయన భార్య సిద్ధమ్మ పనిలో ఉంది.

"రేడియో లైసెన్సు సంగతి సగంలో ఆపేశారు సార్. ఏడాదికోసారి పోస్టాఫీసులో కట్టేవాళ్ళు. తర్వాత?"

"తర్వాత ఎత్తేసినారు. రాసుకో. తెల్లారి మీ స్టేషను పాట వస్తేనే ఈ వీధిలో పొయ్యిలు ముట్టించేది. అదీ రాసుకో. యుద్ధం వార్తలకు ఈ అంగడి ముందర ఇసకేస్తే రాలనంత జనం. అయిపాయ గదా? ఇంగ నేను అడిగిందానికి చెప్పు."

"అది నా చేతుల్లో లేదని చెప్పాను కదండీ."

"నాలుగు ముక్కలే మ్మా. చదివితే అర నిమిషం. గడియారం పెట్టుకోని సూసినాను. శుక్రవారం మాపటేళ చదివితే సాలు."

"శుక్రవారమే ఎందుకు?"

"ఊరికే. శుక్రవారం మంచిది గదా అని."

"తప్పిపోయినవాళ్ళ ప్రకటన చదవాలంటే పోలీసుల నుంచి ఉత్తరం రావాలి సార్."

"ఉండాది. ఇదో. సీలు కూడా ఉండాది, సూడు."

"ఇది తొంభై ఒకటో సంవత్సరం, మే నెలది."

"అవును."

"పదమూడేళ్ళు అయిపోయింది సార్."

"ఆ సంగతి నాకు తెలీదా మ్మా?"

"మునీశ్వరి, వయసు ఆరేళ్ళు, ఆకుపచ్చ గౌను, ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ... మీ పాపా?"

"ఇంగెవురిది? ఆ మచ్చ నేను చేసిందే. ఒళ్ళో కూర్చోనుండింది, సాల్డరింగు కడ్డీ తగిలింది. ఈ బల్ల దగ్గరే."

"కానీ ఆమెకిప్పుడు పంతొమ్మిదేళ్ళుంటాయి. ఆకుపచ్చ గౌను అని చదివితే ఎవరు గుర్తుపడతారు?"

"పెంచినోళ్ళు గుర్తుపడతారు. ఆకుపచ్చ గౌనుతో దొరికిందని వాళ్ళకు తెలుసు గదా. ఎవురో ఒగరు ఇన్నాళ్ళు అన్నం పెట్టింటారు గదమ్మా? పెట్టలేదంటావా?"

"నేనట్లా అనలేదు. ఎక్కడ తప్పిపోయింది?"

"కుప్పంలో. మా ఆయమ్మ సిద్ధమ్మ పుట్టినూరు అదే. గంగమ్మ జాతరకు పోయినాము. బిడ్డ నా చెయ్యి పట్టుకోనుండింది. మైకుసెట్టు చెడిపాయ, స్వామీ కొంచెం సూడు అన్నారు. నాకు చెడిపోయిన సెట్టు కనపడితే చేతులు ఊరుకోవు. బిడ్డ చెయ్యి ఇడిసినాను. పది నిమిషాలు. మైకు పలికింది. అదే మైకులో నా బిడ్డ పేరు పెట్టి పిలిచినాను, పొద్దు మునిగిందాకా."

"అయ్యో."

"రెండో దినం ఈ ఉత్తరం ఎత్తుకోని మీ స్టేషనుకే వచ్చినాను. అప్పుడుండిన ఆఫీసరు మంచాయన. బుధవారం మాపటేళ, వార్తలు అయినాక చదువుతాము, పోప్పా అన్నాడు. బుధవారం తెల్లారేసరికి ఇంగేముండాది, అరవదేశంలో ఎలక్షను సభకు పోయిన ఢిల్లీ పెద్దాయన్ని బాంబు పెట్టి చంపేసినారు. బస్సుల్లేవు, అంగళ్ళు మూసేసినారు. స్టేషను నుంచి తిరిగొస్తా నేను మదనపల్లెలో చిక్కుకోనుండాను."

"అవును, ఆ వారం సంతాప దినాలు. పాత రిజిస్టర్లో చూశాను. పాటలు, నాటికలు, ప్రకటనలు అన్నీ ఆపేశారు. వార్తలు తప్పితే మిగతా టైమంతా..."

"వీణ. వార్తలు అయిపాయ, ఇంగ నా బిడ్డ పేరు వస్తాదని సౌండు పెంచినాను. వీణ వచ్చింది. ఆ వాయించినాయన ఎవురో గాని మ్మా, ఎంత బాగా వాయించినాడో. నాకు మాత్రం ఆయప్ప చేతులు ఇరిచేయాలనిపించింది."

"వారం తర్వాత మామూలు కార్యక్రమాలు మొదలయ్యాయి కదా సార్. మళ్ళీ వచ్చి ఎందుకు అడగలేదు?"

"నీళ్ళు తాగతావా?"

"వద్దండీ. ఎందుకు అడగలేదు?"

"మజ్జిగైనా? ఎండలో వస్తివి."

"సార్."

"మెల్లగా మాట్లాడు మ్మా. లోపల ఆయమ్మ ఉండాది."

"చెప్పండి."

"గురువారం లారీ ఎక్కి, కొంత దూరం నడిచి, కుప్పం చేరినాను. ఆయమ్మ జాతరప్పటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. నన్ను సూస్తానే, 'రేడియోలో వచ్చిందా?' అనింది. గాలివానకు కుప్పంలో రెండు దినాలుగా కరెంటు లేదు, ఆయమ్మ ఇనిండదులే అనుకున్యా. 'వచ్చింది, మూడు రాష్ట్రాలూ ఇన్నాయి' అన్యా. అప్పుడు తాగింది. రెండు చెంబులు."

"తర్వాతైనా నిజం చెప్పి..."

"చెప్దామనే అనుకున్యా. ఈ వారం, వచ్చే వారం. మళ్ళీ చదివిస్తే ఆయమ్మ ఇంటాది, ఎందుకు రెండోసారి అంటాది. ఏం చెప్పేది? ఏడాదైనాక సుట్టాలు అన్నారు, రేడియోలో చెప్పినా ఒగరూ తేలేదంటే బిడ్డ లేనట్టే అని. ఆయమ్మ కాదనలేదు. ఉండాదో లేదో తెలీని బిడ్డ ఫోటోకు నా చేత్తో దండ ఏసినాను మ్మా."

"మరి శుక్రవారం..."

"శుక్రవారం మాపటేళ ఆయమ్మ గుడికి పోతాది. మిగతా దినాలు మీ రేడియో ముందరే ఉంటాది."

"ఇన్నేళ్ళు ఆగి, ఇప్పుడు ఎందుకండీ?"

"ఇనేవాళ్ళు తక్కువైపోతాండారు గదమ్మా. ముందు దినానికి పది సెట్లు వస్తాండె రిపేరుకు. పోయిన నెల ఒగటొచ్చింది. అదీ తీసుకోని పోను రాలేదు. ఇంగ రెండేండ్లు పోతే నువ్వు చదివినా ఇనేదానికి ఎవురుంటారు?"

"సార్, ప్రకటన నేను చదివించలేను. కానీ మీ జ్ఞాపకాలు ప్రసారం చేస్తాం. అందులో మీరు చెప్పింది చెప్పినట్టు వస్తుంది. జాతర, గౌను, మచ్చ, అంతా. దానికి ఏ ఉత్తరమూ అక్కర్లేదు."

"నా నోటితోనే?"

"మీ నోటితోనే. కాకపోతే వీణ సంగతి కూడా చెప్పాలి. మా స్టేషన్ చరిత్రలోకి మీ పాప వచ్చేది ఆ దారిలోనే. కాబట్టి ముందు మీరు లోపలికెళ్ళి ఆమెకు చెప్పండి."

"ఆయమ్మకా? ఆ ఒగటి వద్దు మ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"అయ్యో, లేవండి సార్. పెద్దవారు మీరు."

"మజ్జిగ తీసుకోమ్మా."

"సిద్ధమ్మా! నువ్వు... ఎంతసేపాయ వచ్చి?"

"ఆ రికార్డు మిషను ఆపొద్దు మ్మా. తిరగనీ."

"ఇను సిద్ధమ్మా. ఆ బుధవారం, నేను మదనపల్లెలో..."

"వీణ వచ్చింది. నేనూ ఇన్యా."

"కరెంటు లేదు గదా కుప్పంలో."

"బ్యాటరీ సెల్లులు లేవా? రేడియోలు బాగుచేసేటోడివి, ఆ మాట నీకు తోచకపాయ. దాసప్ప టీ అంగట్లో ట్రాన్సిస్టరు ముందర కూర్చోనుండాను. ఆపేసిందాకా ఇన్యా."

"మరి నేను 'వచ్చింది' అంటే నమ్మితివే?"

"ఆ పొద్దు నీ మొగం నువ్వు సూసుకోలేదు. 'రాలేదు పో, నేనూ ఇన్యా' అంటే ఏ బాయిలోనో పడేటట్టుండావు. అందుకే తాగినాను ఆ నీళ్ళు."

"మళ్ళీ చదివించమని నువ్వు ఒగ మాట అనింటే, నేను పరిగెత్తిపోయిందును గదా సిద్ధమ్మా. ఒక్క మాట."

"ఎట్లంటాను? అంటే నీ అబద్ధం నాకు తెలుసని నీకు తెలిసిపోదా? నిన్ను కాపాడుకునేదానికి నేను, నన్ను కాపాడుకునేదానికి నువ్వు, పదమూడేండ్లు బిడ్డను ఎవురూ పిలవకుండా చేస్తిమి గదయ్యా."