చౌడేశ్వరి కొన్న పాత ప్రాసెసర్లు

చౌడేశ్వరి అని మా గంగులక్క కోడలు, కట్టకముందే ఇల్లు ఎట్లుంటాదో కంప్యూటర్లో గీసి చూపిస్తాది. గీసేది ఒక పని. గీసిన గోడలకు ఎండా నీడా రంగూ పట్టించి నిజం ఇల్లు మాదిరి బయటికి తీసేది ఇంకో పని. ఆ రెండోదాన్ని రెండరింగ్ అంటారంట, మన లెక్కలో వంట అనుకో. ఏమైందంటే, ఆఫీసర్లొచ్చి రోడ్డు వెడల్పు చేస్తామని మా పాత వీధి వీధంతా లేపేస్తామనిరి. అందరికీ ఒక్కచోటే ఇండ్లు కట్టిస్తాము, వచ్చే సభలో ఒప్పుకోండి, లేదంటే చీటీలేసి తలా ఒక పక్క ఇచ్చేస్తాము అనిరి. ఇంజనీరు మంచోడే, ప్లాను కాగితం పరిచినాడు. కాగితంలో ఏముండాది, అన్నీ గీతలే. మా పుల్లమ్మవ్వ దాన్ని ఇట్ల తిప్పి అట్ల తిప్పి, "ఇందులో నా పొయ్యి యాడుందో చెప్పు నాయనా, అప్పుడు ఏలిముద్ర వేస్తా" అనె. ఆమె వేయకుంటే మేమూ వేయమని అందరం కూర్చున్నాం. అప్పుడు చౌడేశ్వరి లేచి, "వచ్చే సభకు మిమ్మల్నందర్నీ ఆ వీధిలో నడిపిస్తా. మీ గడప మీరు తొక్కినట్టే చూపిస్తా" అనేసింది.

అనేసింది గానీ, ఇంటికి పోయినంక లెక్కేసి చూసుకునిందంట. నడిచే బొమ్మంటే ఒక్క బొమ్మ కాదు కదమ్మే, వేల బొమ్మలు వండల్ల. దాని చిన్న ల్యాప్‌టాప్ ఒక్కోదానికీ ఆయాసపడతాది. ఇండ్లు పడగొట్టి రోడ్డు వేసేసినంక గానీ ఆ వంట కాదు. అత్త పట్టుపురుగులకు ఆకు వేస్తాంటే పక్కన కూర్చోని ఏడ్చిందంట. "ఏడుపెందుకు మే, పట్టుగూళ్ళు అమ్మిన దుడ్డుండాది, కొత్త మిషను తెచ్చుకో" అనె గంగులక్క. "కొత్తదానికి అది చాలదత్తా. బెంగళూరులో పాతవి దొరుకుతాయంట, పెద్ద ఆఫీసుల్లో వాడి తీసేసిన ప్రాసెసర్లు, అంటే కంప్యూటరుకు మెదడు. కొనచ్చునో కూడదో తెలీడంలే" అనింది. "ఈడ కూర్చుంటే ఎట్ల తెలుస్తాది, పా" అని అత్తా కోడలూ తెల్లారి బస్సెక్కినారు.

అంగడాయన పేరు మస్తాన్ సాబు. దాచిపెట్టే మనిషి కాదు. "అమ్మా, ఉన్నదున్నట్టు చెప్తా. కొత్తదంటే ఐదారు మంది పడుచు కూలీలనుకో. పాతదంటే ముప్పై మంది ముసలి కూలీలు. ఒక్కొక్కరూ నిదానమే గానీ, అందరూ ఒకేసారి వంగితే చేను చేనంతా కోసేస్తారు. కరెంటు తింటాది, వేడి కక్కుతాది, రొద చేస్తాది. బోర్డు పోతే ఇంకోటి దొరికేది కష్టం" అన్నాడు. "సరే, కోసి చూపించమను మీ ముసలోళ్ళను" అనె గంగులక్క. చౌడేశ్వరి పుల్లమ్మవ్వ ఇంటి బొమ్మ తెచ్చినింది, దాన్నే పెట్టింది. ఇంట్లో అయితే బట్టలుతికి ఆరేసొచ్చేంతసేపు మూలిగే బొమ్మ, ఆడ గంగులక్క టీ తాగేలోపల వచ్చేసిందంట! చౌడేశ్వరి చప్పట్లు కొట్టింది. మళ్ళీ అదే మిషనులో ఒక గోడ జరిపి చూద్దామని పోతే, యాడ జరుగుతాది, ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా వస్తాది. ఆ పని ముప్పై మంది పంచుకునేది కాదంట, ఒక్కడే చేసేదంట, ముసలోడు ముసలోడే కదా. పిల్ల మొగం చిన్నబోయింది. అంతలోనే తనే నవ్వింది. "గీసేది నా దాంట్లోనే గీసుకుంటా అత్తా. వంటకే కదా వచ్చింది, వంటకు ఇది చాలు." "చాలితే తీసుకో. నా పురుగుల గదికి మాత్రం దూరంగా పెట్టల్ల, ఆ వేడి తగిల్తే బతకవు" అనె అత్త.

మిషను తెచ్చి వసారాలో పెట్టినారు. రేయీ పగలూ ఒకటే రొద, పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు "ఏం గంగులక్కా, పిండిమర పెట్టినావా?" అని అడిగేది. మబ్బు పట్టిన దినాలు కదా, గంగులక్క ఆ వేడిగాలికి ఎదురుగా వడియాలు ఆరబెట్టేసింది! సభ దినం బడి గది కిటికీలకు దుప్పట్లు కట్టి బొమ్మను గోడమీద వేసినారు. అబ్బబ్బ, ఏం చెప్పమంటావు, వీధి కదిలిందమ్మే! మనమే నడుస్తాండే మాదిరి! ఒక గడప దాటి లోపలికి పోతానే పుల్లమ్మవ్వ లేచి నిలబడి, "అదో నా పొయ్యి!" అని అరిచె. మరు నిమిషానికే, "ఇదేంది చౌడీ, కిటికీ ఆ పక్క పెట్టినావు? నేను వంట చేస్తా పక్కింటి ఆదెమ్మతో ఎట్ల మాట్లాడల్ల?" అనె. ఇంగ చూడు, నాకు తలుపిట్ల, నాకు మెట్లట్ల అని ఆడోళ్ళంతా ఒకేసారి లేచినారు. ఇంజనీరు పొట్ట పట్టుకోని నవ్వి, "గోడలింకా లేవలేదు కదమ్మా, చెప్పండి, మారుద్దాం. వారం టైమిస్తా" అన్నాడు. చౌడేశ్వరి మొగం వెలిగిపోయింది. "మార్చి మళ్ళీ వండుకొస్తా" అనె. ల్యాప్‌టాపే అయ్యుంటే ఆ మాట అనగలిగేదా? వారంలోపల మళ్ళీ చూపించింది, పుల్లమ్మవ్వ ఏలిముద్ర వేసె, ఎనకాలే మేమంతా వేసినాం.

పాతది కొనచ్చునా కూడదా అని నన్నడిగితే నేనేం చెప్తా, నాకు ప్రాసెసర్ తెలుసునా పాడా. ఆ పొద్దు నేనూ ఒకటి అడిగినాలే, నా ఇంటి ముందర అరుగు పది మంది పట్టేంత వెడల్పు పెట్టమని. మీరంతా ఇప్పుడు కూర్చోనుండేది యాడనుకున్నారు? సరే లేయండి, కాళ్ళు తిమ్మిరెక్కింటాయి.