పురుగు వంట మార్చిందా?

హలో… ఆఁ గోపికా, నేనేమ్మా, యశోదత్తను. లాబ్‌లో ఉండావా? రెండు నిమిషాలే.

…ఏం బాగు! మీ తాతకు మళ్ళీ జ్వరం. పదిరోజులు తగ్గినట్టే తగ్గి, నిన్నటి నుంచి సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతాంది. తెల్లారితే చెమట తుడుచుకొని, ‘నాకేమైంది’ అంటాడు.

— మాత్రలు ఆపలేదు. ఆరు వారాలన్నారు, ఇది నాలుగోది. నా చేత్తోనే ఇస్తాండా. అట్టలకు అట్టలే ఖాళీ.

…అందుకే నీకు చేసినా. నీ పీహెచ్‌డీ తాతకు జ్వరం తెచ్చిన ఈ బాక్టీరియా పురుగు మీదే గదా? మొన్న చెప్పినావే, మన కణంలో దూరి, అక్కడ తిండి కరువైతే ఒక జీను మూసి ఇంకోటి తెరుస్తాదని. అంటే ఏది దొరికితే అది వండుకుంటాది. మా ఆయన మాదిరి ఉప్పు చాల్లేదని కంచం తోసే రకం కాదు.

…నవ్వొద్దు. డిగ్రీలో నాదీ బాటనీనే.

— చూలు మేక కడుపులో అయితేనా?… ఓహో. అక్కడ దానికిష్టమైన చక్కెరేదో ఉంటాది, అది తగిలితే చాలు, ఆ చక్కెర తినే జీన్లన్నీ లేచి కూర్చుంటాయి. పెళ్ళి భోజనం! అందుకేనా నల్లమేక నెలలు నిండకుండానే ఈసుకపోయింది? దాని పచ్చిపాలు పొదుగు కాడే తాగి మీ తాత తెచ్చుకున్నాడు దీన్ని.

…ఆఁ, నా అనుమానం అదే. మాత్రలు పడేసరికి పురుగు మళ్ళీ వంట మార్చిందేమో?

— అది కాదా? మరి?

…ఏ రంగు? ఏందమ్మా, మామ ఒంటేలు రంగు కోడలు చూడాలా?… ఆ అట్టల్లోని ఎర్ర మాత్ర మింగితే అందరికీ నారింజ రంగులో పోతాదా? ఉండు.

మామా! ఒంటేలు ఏ రంగులో పోతాంది?… నేను కాదు మామా, నీ మనవరాలు అడుగుతాంది.

…తెల్లగానే అంట. గర్వంగా చెప్తాండాడు.

— మింగలేదనా? మరి మాత్రలు యాడికి పోయినాయి? రోజూ చేతికియ్యంగానే ‘దొడ్లో కడవ నీళ్ళతో మింగుతా’ అని పోతాడే… ఆగు, దొడ్లోకి పోతాండా.

…గోపికా.

…నల్లమేక ఇప్పుడే పోసింది. కాషాయమమ్మా, కాషాయం. సన్యాసం తీసుకున్నట్టుండాది.

మామా! ఏంది ఇది?

…తౌడులో కలిపి పెట్టినాడంట. దానికీ అదే రోగం గదా అంటాండాడు. పశువుల డాక్టరు మందలోంచి తీసెయ్యమన్నాడంట, నయమైతే ఉంచుకోవచ్చని ఈయన ఆశ.

…నేనేం తిట్టేది? మేక మెడ పట్టుకొని నిలబడినాడు.

— దానికి నయం కాదా? ఇట్ల పెడితే పురుగు కణాల్లోనే నక్కి ఉంటాదా… మామా, నయం కాదంట.

…‘మరి నాలో?’ అంటాండాడు.

నీలో కూడా ఉంటాది మామా. దొరికింది తింటా, హాయిగా.

…మెడ వదిలినాడు. మాత్రకు చేయి చాపుతాండాడు గోపికా.

— ఆఁ, రేపే డాక్టరుకు జరిగిందంతా చెప్తా. మేకను తీసెయ్యాల్సిందేనని మీ తాతకు నువ్వే చెప్పాల, నావల్ల కాదు.

మామా, కడవ వద్దు, ఇక్కడే. నోరు తెరు… నాలుక ఎత్తు… ఆఁ.

పోయింది లోపలికి. పెడతా మరి. పొద్దున రంగు చూసి ఫోన్ చేస్తాలే.