సమీక్షకు జవాబు

పాత నాటకమొకటి సినిమాగా విడుదలైన మూడో రోజు. పడక్కుర్చీలో ఆ నాటక రచయిత. ఎదురుగా, ఆయన నాటకాలన్నీ సాఫు రాసిపెట్టిన భార్య, ఒళ్లో పత్రికలతో.

“‘మేడలు బ్రహ్మాండం, నగలు బ్రహ్మాండం, హాల్లో మా నిద్ర ఇంకా బ్రహ్మాండం.’ చదవనా, ఆపేయనా?”

“చదువు. నన్నేమన్నాడు?”

“మిమ్మల్ని కాదులెండి, దర్శకుణ్ణి.”

“దాటేయకు. నాటకం ఊసెత్తకుండా ఉంటాడా వాడు?”

“ఎత్తాడు. ‘పసిబిడ్డ పోయిన రోజున జమీందారు భార్యతో, ఏడుపయ్యాక అన్నం వడ్డించు, అంటాడు. ఏ మనిషీ అలా అనడు. చప్పట్ల కోసం రచయిత కల్పించిన మాట ఇది.’”

“కల్పించానా? నేనా? వాడి మొహం! పాతికేళ్లుగా ఆ మాటకి హాలు హాలంతా కళ్లనీళ్లు పెట్టుకుంది!”

“పెట్టుకుంది.”

“నువ్వూ పెట్టుకున్నావు. మొదటి ప్రదర్శనకి తట్టుకోలేక మధ్యలోనే లేచెళ్లిపోయావు.”

“వెళ్లిపోయాను.”

“మరి! కాగితం తియ్యి. జవాబు రాయాల్సిందే.”

“ఎందుకండీ, పోనిద్దురూ.”

“పోనివ్వడమా? దర్శకుడు సినిమా తగలేస్తే నా మాట అబద్ధమైపోతుందా? నా పరువేం కాను? ఊఁ, రాయి. ‘అయ్యా, ఆ మాట కల్పితం కాదు.’”

“కల్పితం కాదు. రాశాను.”

“‘అలాంటి మగవాళ్లు వందేళ్ల కిందట ఉండేవాళ్లు. పాత పుస్తకాలు తిరగేసి...’ ఏంటి, ఆగిపోయావు?”

“ఏ పుస్తకమండీ?”

“ఏదో ఒకటి. ఇప్పుడెక్కడ గుర్తు? ఎక్కడో చదివానో, ఎవరో అంటే విన్నానో, బుర్రలో ఉండిపోయింది.”

“ఎవరో అంటే...”

“అబ్బా, అది రాయకు! అయినా ఇన్నేళ్లూ లేని సందేహం ఇప్పుడేంటి? సాఫు రాసేటప్పుడు నోరెత్తలేదే?”

“మీకు గుర్తుండే రాశారనుకున్నాను. నోటితో చెప్పలేక, అలా క్షమాపణ చెబుతున్నారనుకున్నాను.”

“క్షమాపణేంటి? ఎవరికి? దేనికి? నువ్వూ నీ పిచ్చి మాటలూ! టపా వేళ దాటిపోతుంది. రాసిందేదో చదువు.”

“పూర్తి చేసేశాను లెండి.”

“నేను చెప్పకుండానే?”

“వినండి. ‘అయ్యా, ఆ మాట కల్పితం కాదు. వందేళ్ల కిందటిదీ కాదు. ముప్ఫై రెండేళ్ల కిందట, మా పాప పోయిన రోజున, నేనే మా ఆవిడతో అన్నాను.’ ఇదుగో, ఇక్కడ సంతకం పెట్టండి.”