సుబ్బరాయులు తూచిన నీళ్ళు

గుడియాత్తం నేతగాళ్ళ వీధి మలుపులో మునిరత్నమ్మ టీ అంగడి ఉండాది. వీధి కొళాయిలో నీళ్ళు ఎప్పుడొచ్చినాయని ఎవరన్నా అడిగితే ఆమె కసురుకుంటుంది. క్యాను నీళ్ళు కొని టీ కాస్తే మిగిలేది బూడిదే. ఎండలు ఇట్లే ఉంటే అంగడి మూసేసి పేర్ణాంబట్టుకి తోలు పనికి పోవాల్సిందేనని ఆమె దిగులు. ఆ పొద్దు గూడా అదే దిగులుతో పాలు కాస్తా ఉంటే, లుంగీలు నేసే సుబ్బరాయులు బెంచీ మింద కాలు మింద కాలేసుకుని మొదలుపెట్టినాడు.

"పళనీ, ఆ దినం నువ్వు అరక్కోణం పోయుంటివి, నీకు తెలీదులే. సర్కారు సారు ఒకాయన వచ్చి కల్యాణమండపంలో నీళ్ళ మీటింగు పెట్టినాడు. మన వీధికి పైపు ఏసేదా, ఏటికి అడ్డం కట్ట కట్టేదా, చెరువు చుట్టూ నడిచే బాట పోసేదా, మూడిట్లో ఒకటే చేస్తారంట. జనమే తూచి చెప్పాలంట. ఖర్చుకొక తట్ట, సేద్యానికొక తట్ట, ఊరి అందానికొక తట్ట, తాగే నీళ్ళకొక తట్ట పెట్టి, చింతగింజలు ఏయమన్నారు. ఏ తట్టలో ఎన్ని గింజలుంటే దానికంత విలువని, మూడిట్లో ఏది చేయాలో కంప్యూటరు లెక్క చెప్తాదంట. మైకేమో గుయ్యిమంటా ఉండె, సారు మాట్లాడే అరవం వెనకాలోళ్ళకి ఇనపడలే. నేనే లేచి మనోళ్ళకి తెలుగులో ఇడమరిచి చెప్పినా."

"అంతేనా మామా?" అన్నాడు పక్క మగ్గం పళని.

"అంతేనా అంటావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను గింజేస్తే కంప్యూటరు గడగడ వణికె. 'అయ్యా, మెల్లిగా ఏయండి, తట్టుకోలేకుండా ఉండాను' అనె."

"తెలుగులోనా?"

"మరి? నా ముందర ఇంగ్లీషు మాట్లాడే ధైర్యం యాడిది దానికి? ఢిల్లీ సార్లు ఇమానంలో దిగి చూస్తా ఉంటే, ఈ చేత్తో పాలారు ఏటిని, ఆ చేత్తో పొన్నై ఏటిని ఎత్తి తూచినా. ఎండిన పాలారు బరువే లేకపోయె పాపం, గాలికి ఎగిరిపోతాదని మోకాలి కింద అదిమి పట్టుకున్నా. అది చూసి కావేరి వచ్చి వరసలో నిలబడె. 'అన్నా, నాకెంత మార్కేస్తావు?' అని. 'పోమ్మా, మా వీధి పనైనాక రా' అని పంపించేసినా!"

పళని నవ్వబోయి ఆగిపోయినాడు. "నిన్న చెప్పేసినారు గదా మామా. బాటే పోస్తారంట. మన వీధికి పైపు లేదు."

"అదా... ఎవరో మాయ చేసినారు. నేను తూచింది తప్పయ్యేదా?"

మునిరత్నమ్మ చేతిలోని గ్లాసు ఠప్పున పెట్టింది.

"మాయా లేదు, మంత్రమూ లేదు సుబ్బరాయులన్నా. సారు అనింది 'ముక్కియమానదుక్కు కూడ పోడుంగ' అని. ముఖ్యమైనదానికి ఎక్కువ ఏయండని. అరవంలో కూడ అంటే ఎక్కువ. నువ్వు లేచి 'నీళ్ళకి కూడా ఏయండమ్మా' అని అరిస్తివి. మేము తెలుగులో ఇంటిమి. అందానికి ఏసినన్నే నీళ్ళకి కూడా ఏసినాము. నాలుగు తట్టలూ సమానమైపోయె. చౌకగా అయిపోతాది, చూసేదానికి బాగుంటాదని బాట గెలిచె. ఆడ తట్టలు చూసినాకనే నాకు తెలిసొచ్చె."

సుబ్బరాయులు కాలు మింద కాలు దించి ఆమె దిక్కు తిరిగినాడు.

"అయితే ఆ దినమే చెప్పకపోతివేమ్మా?"

"చెప్పాలనే లేస్తిని అన్నా. నువ్వు యాడ మాట్లాడనిస్తివి?"